రేపు మళ్లీ ఎదురుపడేవాళ్లు

లెక్కకు అందిన లోకం: 9వ భాగం

1950 జనవరిలో, కాలిఫోర్నియా తీరాన శాంటా మోనికాలో, ఇద్దరు పెద్దమనుషులు సెంటు, అర సెంటు పందేలతో ఒకే ఆటను వరసగా నూరుసార్లు ఆడారు. ఒకరు ఆర్మెన్ ఆల్కియన్. లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించేవారు. రెండోవారు జాన్ విలియమ్స్. ర్యాండ్ సంస్థలో గణిత విభాగానికి అధిపతి. ఆటను తయారుచేసిన మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ కూడా ర్యాండ్‌వాళ్లే. అమెరికా వైమానిక దళం ఇచ్చే డబ్బుతో నడిచే సంస్థ అది. సోవియట్ యూనియన్ మొదటి అణుబాంబు పేల్చి అప్పటికి అయిదు నెలలే. ర్యాండ్‌లో గణితజ్ఞులను చేర్చుకున్నది యుద్ధాన్ని లెక్కగట్టడానికే. ఆ రోజు ఇద్దరు మనుషులు చిల్లర డబ్బుల కోసం ఆడిన ఆట మాత్రం యుద్ధంకన్నా వ్యాపారానికి, కాలువ నీళ్లకు, ఇరుగుపొరుగు బతుకుకు దగ్గరిది. దాని కథే ఈ భాగం.

జాన్ వాన్ న్యూమన్, ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ కలిసి 1944లో తెచ్చిన లావుపాటి గ్రంథం గురించి గత భాగంలో చెప్పుకున్నాం. అందులో గట్టిగా నిలబడిన భాగం, ఒకరి లాభం అచ్చంగా ఎదుటివారి నష్టం అయ్యే ఇద్దరి ఆట. చదరంగం అలాంటిది. సంత అలాంటిది కాదు. సంతలో ఇద్దరూ బాగుపడవచ్చు, ఇద్దరూ చెడిపోవచ్చు. ఆ చిక్కు విప్పే దారి చూపినవాడు ప్రిన్స్‌టన్‌లో చదువుకుంటున్న జాన్ నాష్. వయసు 21. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో అతని వ్యాసం అచ్చయింది సరిగ్గా అదే 1950 జనవరిలో. ముచ్చటగా రెండు పేజీలు. అందరూ తమతమ ఎత్తులు వేశాక, మిగతావాళ్లు మార్చుకోనంతవరకు ఏ ఒక్కరికీ తన ఎత్తు మార్చుకోవడంవల్ల లాభం లేకపోతే, ఆట అక్కడ నిలదొక్కుకుంటుంది. అదే నాష్ సమతౌల్యం. ఇలాంటి ఆటలన్నిటిలో అటువంటి నిలకడ స్థానం కనీసం ఒకటి ఉండి తీరుతుందని అతను నిరూపించాడు.

ఫ్లడ్, డ్రెషర్‌లకు అనుమానం వచ్చింది. నిలకడ ఉంటుంది సరే, మనుషులు నిజంగా అక్కడికే చేరతారా? దాన్ని పరీక్షించడానికి అల్లిందే ఈ ఆట.

ఆటలో ప్రతి ఒక్కరికీ రెండే దారులు: కలిసిరావడం, ఎగ్గొట్టడం. ఎదుటివాడు ఏది ఎంచుకున్నాడో తెలియకుండానే తనది తేల్చుకోవాలి. ఇద్దరూ కలిసివస్తే ఆల్కియన్‌కు అర సెంటు, విలియమ్స్‌కు ఒక సెంటు. ఇద్దరూ ఎగ్గొడితే ఆల్కియన్‌కు సున్నా, విలియమ్స్‌కు అర సెంటు. ఒకరు నమ్మి కలిసివచ్చి రెండోవారు ఎగ్గొట్టారా, నమ్మినవాడికి సెంటు నష్టం. ఎగ్గొట్టినవాడు ఆల్కియన్ అయితే ఒక సెంటు లాభం, విలియమ్స్ అయితే రెండు. పందెంలో విలియమ్స్ వైపు మొగ్గు ఉందన్నది చూస్తే తెలుస్తుంది. అది కావాలని పెట్టిందే.

ఇప్పుడు ఆల్కియన్ స్థానంలో కూర్చుని లెక్క వేయండి. విలియమ్స్ కలిసివస్తాడనుకుంటే, నేనూ కలిసివస్తే అర సెంటు, ఎగ్గొడితే ఒక సెంటు. ఎగ్గొట్టడమే మేలు. విలియమ్స్ ఎగ్గొడతాడనుకుంటే, కలిసివస్తే సెంటు నష్టం, ఎగ్గొడితే నష్టం లేదు. అప్పుడూ ఎగ్గొట్టడమే మేలు. విలియమ్స్ కూర్చుని లెక్క వేసినా తేలేది ఇదే. కాబట్టి ఇద్దరూ ఎగ్గొట్టాలి. నాష్ సమతౌల్యం అదొక్కటే. కానీ అక్కడికి చేరితే, కలిసివచ్చి ఉంటే దక్కేదానికన్నా ఇద్దరికీ తక్కువే దక్కుతుంది. ఎవరికి వారు తెలివిగా నడుచుకుంటే అందరూ కలిసి తెలివితక్కువ చోటికి చేరుతున్నారు.

మరి నూరు ఆటల్లో ఏమైంది? 60 సార్లు ఇద్దరూ కలిసివచ్చారు. ఇద్దరూ ఎగ్గొట్టింది 14 సార్లే. మొత్తంమీద ఆల్కియన్ 68 సార్లు, విలియమ్స్ 78 సార్లు కలిసివచ్చే దారి ఎంచుకున్నారు. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. లెక్కలు రానివాళ్లు అంతకన్నా కాదు. ఎగ్గొట్టడమే లాభమని ఆ కాగితం చూడగానే చెప్పగల ఇద్దరు మనుషులు.

ప్రతి ఆటకూ తమ మనసులో ఏముందో ఇద్దరూ రాసిపెట్టారు. ఆ రాతలే ఈ ప్రయోగానికి ప్రాణం. విలియమ్స్ ఎగ్గొడతాడన్న అంచనాతో ఆల్కియన్ మొదలుపెట్టాడు. తీరా విలియమ్స్ కలిసివచ్చేసరికి ఇతనికి అర్థం కాలేదు. ఏదో సూచన ఇస్తున్నాడా అని తర్కించుకున్నాడు. విలియమ్స్ మొదటినుంచీ ఒక్కటే పట్టు పట్టాడు: కలిసిరావడం ఇద్దరికీ మంచిదని ఎదుటివాడికి నేర్పాలి. ఆల్కియన్ ఎగ్గొడితే తనూ ఎగ్గొట్టి దెబ్బ చూపించడం, మళ్లీ కలిసివచ్చి చేయి చాపడం. పసిపిల్లలకు మంచి అలవాటు చేసేటప్పుడు ఉండాల్సినంత ఓపిక కావాలన్న భావంతో రాసుకున్నాడు. ఆల్కియన్‌కు నడిమధ్యలో వేరే గుచ్చు మొదలైంది. ఇద్దరం కలిసివచ్చిన ప్రతిసారీ అతనికి నాకన్నా రెట్టింపు దక్కుతోంది, ఇదేం న్యాయం? అందుకని అప్పుడప్పుడూ ఎగ్గొట్టి ఆ తేడాను సరిచేసుకోవాలని చూశాడు. విలియమ్స్‌కు అది న్యాయం అడగడంగా కనిపించలేదు, ద్రోహంగానే కనిపించింది. దెబ్బ కొట్టాడు. చివరి ఇరవై ఆటల్లోకి వచ్చేసరికి ఇద్దరికీ పొత్తు బాగా కుదిరింది. అయితే నూరో ఆట దగ్గరపడేకొద్దీ ఎవరు ముందు జారుకుంటారన్న ఆలోచన ఇద్దరి రాతల్లోనూ కనిపిస్తుంది.

ఫలితం విన్న నాష్ మెత్తబడలేదు. ఇది నూరు విడివిడి ఆటలు కాదు, నూరు ఎత్తులున్న ఒకే పెద్ద ఆట, కాబట్టి నా సిద్ధాంతానికి ఇది సరైన పరీక్ష కాదన్నాడు. పైగా ఇంత తెలివైనవాళ్లు దక్కగల డబ్బును ఇంతగా జారవిడుచుకున్నారేమిటని ఆశ్చర్యపోయాడు. మొదటి మాటలో చాలా లోతు ఉంది. ఆటలు ఎన్నో ముందే తెలిస్తే, నూరో ఆట తరవాత ఇక భయపడాల్సిన రేపు ఉండదు, అక్కడ ఎగ్గొట్టడమే. నూరో ఆట సంగతి తేలిపోయాక తొంభై తొమ్మిదో ఆటే ఆఖరిది అవుతుంది. అలా వెనక్కి జరుపుకుంటూ వస్తే మొదటి ఆటదాకా పొత్తు మొత్తం కూలిపోవాలి. కాగితంమీద ఈ తర్కానికి ఎదురు లేదు. ఆల్కియన్, విలియమ్స్‌లకు ఆ తర్కం ఆఖరి రెండుమూడు ఆటల్లోనే పట్టుబడింది. ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఆటలోనైతే ఆ వెనక్కి జరపడమే సాధ్యం కాదు. బతుకులో మనం ఆడేవి దాదాపు అన్నీ అలాంటివే.

అదే ఏడాది మే నెలలో నాష్ గురువు ఆల్బర్ట్ టక్కర్ స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వశాస్త్ర విభాగంవారికి ప్రసంగం చేయాల్సివచ్చింది. గణితం తెలియని శ్రోతలకు ఈ సెంట్ల పట్టిక ఎలా చెప్పాలని ఆలోచించి, ఒక కథ కట్టాడు. ఇద్దరు నేరస్థులను పట్టుకుని వేరువేరు గదుల్లో పెట్టారు. ఒకడు ఒప్పుకుని రెండోవాడు నోరు మెదపకపోతే, ఒప్పుకున్నవాడు బయటపడతాడు, రెండోవాడికి పెద్ద శిక్ష. ఇద్దరూ ఒప్పుకుంటే ఇద్దరికీ శిక్ష. ఇద్దరూ నోరు కట్టుకుంటే ఇద్దరూ తేలిగ్గా బయటపడతారు. ఖైదీల సందిగ్ధం అన్న పేరు అప్పుడు పుట్టి లోకమంతా పాకింది. కథ ఎంత బాగా అతికిందంటే, అది తన వెనకున్న ప్రయోగాన్నే మింగేసింది. అర్థశాస్త్రం చదివిన ప్రతివారికీ ఆ ఇద్దరు ఖైదీలు తెలుసు. నూటికి అరవైసార్లు కలిసివచ్చిన ఆ ఇద్దరు మనుషులు ఎంతమందికి తెలుసు? మనిషి స్వభావమే ఎగ్గొట్టడం అని తేల్చిచెప్పడానికి ఆ కథను వాడుకున్నవాళ్లు, దానికి జరిగిన మొట్టమొదటి పరీక్ష ఏం చెప్పిందో చూసి ఉంటే బాగుండేది.

వ్యాపారంలో ఈ చిక్కు కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ ఆగస్టిన్ కూర్నో 1838లోనే రెండు ఖనిజజలపు ఊటల యజమానులను ఊహించుకుని లెక్క వేశాడు. ఇద్దరూ ఒక్కటై తక్కువ నీళ్లు అమ్మితే ధర ఎక్కి ఇద్దరికీ బాగా మిగులుతుంది. కానీ ఒప్పందం జరిగాక, ఎవరికి వారికి గుట్టుగా మరికాస్త నీరు అమ్ముకుంటే లాభం. అలా ఇద్దరూ అమ్ముతూ పోతే ధర దిగుతుంది. కూర్నో పుస్తకాన్ని ఆ రోజుల్లో పట్టించుకున్నవారు లేరు. నూరేళ్ల తరవాత నాష్ సిద్ధాంతం వచ్చాక చూస్తే, కూర్నో తేల్చిన జవాబు అచ్చంగా నాష్ సమతౌల్యమే.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఊటల యజమానుల పొత్తు చెడిపోతే బాగుపడేది నీళ్లు కొనుక్కునేవాళ్లు. సహకారం అన్న మాట వినగానే మనకు మంచి భావం కలుగుతుంది. ఆట సిద్ధాంతం ఆ మంచీచెడూ చెప్పదు. ఎవరు ఎవరితో కలిశారు, ఆ పొత్తుకు ఖరీదు ఎవరు కడుతున్నారన్నది మనమే అడగాలి. ఫ్లడ్ తన ఇంట్లోనే ఒక ప్రయోగం చేశాడు. కౌమారంలో ఉన్న ముగ్గురు పిల్లలకు ఒక పని చూపించి, ఎవరు తక్కువకు చేస్తే వారికే అని పాట పెట్టాడు. ఒకరి పిల్లల్ని కాసేపు చూసుకునే పని. పాట నాలుగు డాలర్ల దగ్గర మొదలవుతుంది. ముగ్గురూ ముందే మాట్లాడుకుని నాలుగు డాలర్లకే ఒకరు పాడి పంచుకోవచ్చు, అందుకు వాళ్లకు వ్యవధి కూడా ఇచ్చాడు. తోబుట్టువులకే పొత్తు కుదరలేదు. ఒకరి మీద ఒకరు పాడుకుంటూ 90 సెంట్లకు దిగారు.

ఖైదీల కథకూ నూరు ఆటలకూ మధ్య ఉన్న తేడాను పట్టుకుని, దానికి పెద్ద పరీక్ష పెట్టినవాడు మిషిగన్ విశ్వవిద్యాలయపు రాజనీతిశాస్త్రవేత్త రాబర్ట్ యాక్సెల్‌రాడ్. 1970ల చివర్లో ఆయన ఆట సిద్ధాంతం తెలిసినవాళ్లను పిలిచి, ఈ ఆటను మళ్లీమళ్లీ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములు పంపమన్నాడు. 14 వచ్చాయి. బొమ్మా బొరుసూ వేసినట్టు ఏదో ఒకటి ఎంచుకునే ఇంకొక ప్రోగ్రామును ఆయనే చేర్చాడు. ప్రతిదీ ప్రతిదానితో 200 ఆటలు ఆడాలి. ఇద్దరూ కలిసివస్తే చెరి మూడు పాయింట్లు, ఇద్దరూ ఎగ్గొడితే చెరి ఒకటి, ఒకరే ఎగ్గొడితే వారికి అయిదు, నమ్మినవారికి సున్నా.

గెలిచింది అన్నిటికన్నా చిన్న ప్రోగ్రాము. పేరు టిట్ ఫర్ టాట్. మన మాటల్లో చెల్లుకు చెల్లు. మొదట కలిసివస్తుంది. ఆ తరవాత ఎదుటివాడు కిందటి ఆటలో ఏం చేశాడో తనూ అదే చేస్తుంది. అంతే. చేబదులు ఇచ్చిపుచ్చుకునే ఇరుగుపొరుగు ఇళ్లలో నడిచే లెక్క ఇదే: ముందు ఇస్తారు, తిరిగి రాకపోతే ఈసారి ఇవ్వరు, తెచ్చి ఇచ్చారా, మళ్లీ మామూలే. దాన్ని పంపినవారు టొరంటో విశ్వవిద్యాలయం నుంచి అనతోల్ రాపోపోర్ట్. రష్యా సామ్రాజ్యంలో 1911లో పుట్టి, చిన్నతనంలో అమెరికా చేరి, వియన్నాలో పియానో నేర్చి, ఆ తరవాత గణితంలోకి వచ్చిన మనిషి. అణుయుద్ధాన్ని లెక్కల ఆటగా చూసే వ్యూహకర్తలను 1960ల్లో ఆయన గట్టిగా నిలదీశాడు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినవాడు. యుద్ధ సంస్థలో పుట్టిన ఆటకు జరిగిన పోటీలో, శాంతికోసం నిలబడిన మనిషి పంపిన నాలుగు వాక్యాల ప్రోగ్రాము నెగ్గింది.

ఆ పోటీ ఫలితాల్లో నన్ను పట్టి నిలిపే సంగతి ఒకటుంది. టిట్ ఫర్ టాట్ ఏ ఒక్క ప్రత్యర్థినీ ఓడించదు, ఓడించలేదు కూడా. ముందుగా ఎప్పుడూ ఎగ్గొట్టదు కాబట్టి ఎదుటివాడికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకునే వీలే దానికి లేదు. ఎక్కువలో ఎక్కువ సమానం, లేదంటే ఒకటి రెండు మెట్లు కింద. అయినా మొత్తం కూడితే మొదటి స్థానం దానిదే. ఎదుటివాడిని మించిపోవాలని ఆడినవి ఒకదానితో ఒకటి తలపడి నేలకరిచాయి. పట్టికలో మొదటి ఎనిమిదీ తమంతట తాము ముందుగా ఎగ్గొట్టని ప్రోగ్రాములే. వాటి కింద ఉన్నవన్నీ ముందుగా ఎగ్గొట్టేవే. వ్యాపారమంటే పక్కవాడిని పడగొట్టడమే అనుకునేవారు ఈ పట్టికను ఒకసారి తీరిగ్గా చూడాలి.

ఫలితాలన్నీ ప్రకటించి యాక్సెల్‌రాడ్ రెండోసారి పోటీ పెట్టాడు. ఆరు దేశాలనుంచి 62 ప్రోగ్రాములు వచ్చాయి. పంపినవారిలో పదేళ్ల పిల్లవాడు కూడా ఉన్నాడు. గెలవాల్సింది ఎవరినో అందరికీ తెలుసు, ఎన్ని ఆటలకు ముగుస్తుందో మాత్రం ఈసారి ఎవరికీ తెలియదు. రాపోపోర్ట్ అదే ప్రోగ్రాము మళ్లీ పంపాడు. మళ్లీ అదే గెలిచింది.

దానికి లోపం లేకపోలేదు. మొదటి పోటీలోనే ఒక ప్రోగ్రాము చెల్లుకు చెల్లు ఆడుతూ పదింట ఒకసారి దొంగచాటుగా ఎగ్గొట్టేది. ఆ ఒక్క దెబ్బకు ఇది బదులు కొడుతుంది, దానికి అది బదులు కొడుతుంది, చివరకు ఇద్దరూ ఎగ్గొట్టుకుంటూ ఉండిపోతారు. పొరపాటున పడిన దెబ్బ అయినా అంతే. మనుషుల మధ్య పొరపాట్లు మామూలే. మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ 1992లో చూపించినట్టు, పొరపాట్లు జరిగే లోకంలో అప్పుడప్పుడూ దెబ్బను వదిలేసి క్షమించే పద్ధతే నిలుస్తుంది.

యాక్సెల్‌రాడ్ పోటీని గుర్తుచేసుకుంటూ 2004లో మళ్లీ పోటీ జరిగినప్పుడు ఇంకో రకం తెలివి బయటపడింది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవారు 60 ప్రోగ్రాములు పంపారు. మొదటి కొన్ని ఎత్తుల వరసతో అవి ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. గుర్తుపట్టాక ఒకటి దొర, మిగతావి బంట్లు. బంటు కలిసివస్తూనే ఉంటుంది, దొర ఎగ్గొట్టి అయిదేసి పాయింట్లు దండుకుంటుంది. బయటివాళ్లు ఎదురైతే బంట్లు ఎగ్గొట్టి వాళ్ల పాయింట్లు తగ్గిస్తాయి. మొదటి మూడు స్థానాలూ సౌతాంప్టన్‌వే. అంటే మొదట చెప్పుకున్న కుమ్మక్కు ప్రశ్న మళ్లీ మన ముందుకే వచ్చింది.

కోళ్లు, పందుల దాణాలో కలిపే లైసిన్ అనే పదార్థాన్ని 1990ల మొదట్లో ప్రపంచంలో తయారుచేసేవి ప్రధానంగా అయిదు కంపెనీలు. అమెరికాలో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌ల్యాండ్, జపాన్‌వి రెండు, కొరియావి రెండు. 1992 నుంచి వీటి అధికారులు దేశదేశాల హోటళ్లలో కలుసుకుని ధరలు, అమ్మకాల వాటాలు పంచుకున్నారు. ఒక కంపెనీలోని అధికారే ఎఫ్‌బీఐకి లోపలిమనిషి కావడంవల్ల ఆ సమావేశాలు రహస్య కెమెరాల్లో, టేపుల్లో దొరికాయి. ఆ పత్రాలు ఆట సిద్ధాంతానికి పాఠ్యపుస్తకం లాంటివి. ప్రతి నెలా ప్రతి కంపెనీ తన అమ్మకం లెక్క ఒకచోట చెప్పాలి. ఏడాది చివర వాటాకు మించి అమ్మినవాడు, వాటా పూర్తికానివాడి దగ్గర మిగిలిన సరుకు కొనాలి. దొంగచాటుగా ఎక్కువ అమ్మినా మిగిలేది లేదన్నమాట. సమావేశాలకు ముసుగుగా ఒక వాణిజ్య సంఘం పేరు వాడుకున్నారు. కూర్నో ఊటల యజమానులకు కుదరనిది వీళ్లకు కుదరడానికి కారణం అదే: ఒకరినొకరు చూడగలిగారు, మళ్లీ కలుస్తామని తెలుసు, తప్పినవాడికి ఏం జరుగుతుందో ముందే రాసుకున్నారు. ఆర్చర్ డేనియల్స్ మిడ్‌ల్యాండ్ 1996లో నేరం ఒప్పుకుని లైసిన్ కుమ్మక్కుకు 7 కోట్ల డాలర్ల జుర్మానా కట్టింది.

ఇలాంటి పొత్తును పగలగొట్టడానికి ప్రభుత్వాలు తీసుకున్న ఆయుధం టక్కర్ కథలోదే. కుమ్మక్కయినవాళ్లలో ముందుగా వచ్చి చెప్పినవాడికి శిక్ష ఉండదని అమెరికా న్యాయశాఖ 1993లో నిబంధన గట్టిపరిచింది. అంతకుముందు ఏడాదికి ఒకటి వచ్చే దరఖాస్తులు ఆ తరవాత నెలకు ఒకటికి మించాయి. రెండో స్థానంలో వచ్చినవాడికి ఆ మాఫీ లేదు కాబట్టి ప్రతివాడికీ పక్కవాడు ఇప్పటికే వెళ్లిపోయాడేమోనన్న దిగులు. మన దేశంలో 2002 నాటి కాంపిటీషన్ చట్టంలోనూ ఈ ఏర్పాటు ఉంది. ముందుగా కీలక సమాచారం ఇచ్చినవారికి జుర్మానా నూటికి నూరు శాతందాకా తగ్గించే వీలును 2009లో వచ్చిన నిబంధనలు కల్పించాయి. ఖైదీల గదులను కావాలని కట్టి, వ్యాపారులను అందులో కూర్చోబెట్టడం ఇది. కొనుగోలుదారుకు మేలు చేసే ఖైదు.

ఇక మన కాలువ దగ్గరకు వద్దాం.

గారెట్ హార్డిన్ 1968లో సైన్స్ పత్రికలో రాసిన ఒక వ్యాసం చాలా దేశాల విధానాలమీద ప్రభావం చూపింది. అందరిదీ అయిన పచ్చికబీటిలో ప్రతివాడూ ఇంకో పశువును తోలుకొస్తాడు, చివరకు బీడు మిగులుతుంది, ప్రభుత్వ అదుపో సొంత ఆస్తో తప్ప దారి లేదన్నది అందులోని వాదన. లోపలున్నది ఖైదీల సందిగ్ధమే, ఇద్దరి బదులు ఊరంతా. అది నిజమైతే కాలువ నీళ్లు పంచుకోవడం ఊళ్లకు చేతకాకూడదు. 1970ల చివర్లో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాకు వచ్చి, తుంగభద్ర నీళ్లు పారే ఊళ్లు తిరిగాడు. కాలువ కింద 31 ఊళ్లు, మెట్ట ఊళ్లు మరి పది చూశాడు. 1988లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ప్రచురణగా వచ్చిన ఆయన పుస్తకం పేరు విలేజ్ రిపబ్లిక్స్.

ఆయన కొత్తపల్లె అని మారుపేరు పెట్టిన ఊళ్లో ప్రభుత్వ పంచాయతీతో సంబంధం లేని ఒక ఊరి సభ ఉంది. దానికి సొంత నిధి ఉంది. కోతలయ్యాక పొలాల్లో మోళ్లు మేపుకునే హక్కును గొర్రెల మందలవాళ్లకు అమ్మడం, ఊళ్లో సారా అమ్ముకునే హక్కును పాట పెట్టడం వంటివాటితో ఆ నిధి నిండేది. బావులు బాగుచేయించడం, కోతుల బెడద వదిలించడం, కాలువ సిబ్బందికి ముట్టజెప్పడం, అన్నీ దాంట్లోంచే. పంట కాపలాకు కావలివాళ్లు. వరి కాలంలో నీళ్లు పెట్టడానికి ఊరుమ్మడి నీరుకట్టువాళ్లు. రైతు తన మడికి తాను నీళ్లు మలుపుకోకూడదు, ఆ పని వీళ్లదే. ఏ మడి ఎండుతోందో, ఎవరికి తడి అందిందో వాళ్లు చూస్తారు. పైనుంచి నీళ్లు తగ్గితే కాలువ గట్టు పట్టుకుని ఎగువకు నడిచి, ఎక్కడ ఆగిందో చూసి విడిపించుకొస్తారు. రాత్రిపూట తూము దగ్గర కాపు కాస్తూ పక్క రైతును అనుమానించే బాధ అలా తప్పేది.

కొన్ని మైళ్ల దూరంలోనే, అవే కులాలు, అదే కాలువ ఉన్న మరో ఊళ్లో ఇవేవీ లేవు. వేడ్‌కు దొరికిన కారణం ఆచారంలో లేదు, మంచితనంలో అంతకన్నా లేదు. ఆయకట్టు చివరన ఉన్న ఊళ్లలో, నీళ్లు వస్తాయో రావో తెలియనిచోట సభలు, నిధులు, నీరుకట్టువాళ్లు ఉన్నారు. కాలువ మొదట్లో, అడగకుండానే నీళ్లు పారే ఊళ్లలో ఎవరికీ వాటి అవసరం రాలేదు. ఇంకో సంగతి: ఒక్కో రైతు పొలం ఒకేచోట కాక ముక్కలు ముక్కలుగా ఉంటుంది. తూము పక్కన ఒక చెక్క, అడుగున ఇంకో చెక్క ఉన్నవాడు ఎగువవాడూ తానే, దిగువవాడూ తానే. ఈ ఏర్పాటును మరీ అందంగా చూపించడం కూడా తప్పే. సభ నడిపేది పెద్ద భూములవాళ్లు. గట్లమీద తిరిగి చాకిరీ చేసే మనిషికి దాని నిర్ణయాల్లో పాలు లేదు. లైసిన్ కంపెనీలను అడిగిన ప్రశ్న ఇక్కడా అడగాల్సిందే.

ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో తెచ్చిన పుస్తకంలో స్పెయిన్, స్విట్జర్లాండ్, జపాన్, ఫిలిప్పీన్స్ ఊళ్లనుంచి ఇలాంటి అనుభవాలనే ఒకచోట చేర్చి, ఖైదీల గదిని లోకమంతటికీ అంటగట్టడం ఎందుకు తప్పో చూపించారు. ఖైదీలు మాట్లాడుకోలేరు, ఒకరినొకరు చూసుకోలేరు, నిబంధన మార్చుకోలేరు. ఊరివాళ్లు మూడూ చేయగలరు. లెక్కల చదువు చాలదని ఒకప్పుడు అర్థశాస్త్రం ఎవరికి తలుపులు మూసిందో, ఆమెకే 2009లో ఆ శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమె.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో చట్టం చేసి, రాష్ట్రమంతటా పదివేలకు పైగా సాగునీటి వినియోగదారుల సంఘాలకు ఒక్క ఊపున ఎన్నికలు పెట్టింది. రైతుకు కాలువమీద హక్కు ఇచ్చిన ఆ ప్రయత్నం చిన్నదేమీ కాదు. కానీ సంఘాల హద్దులు నీరు పారే దారిని బట్టి గీశారు, ఊరిని బట్టి కాదు. ఇంజినీరింగ్ లెక్కకు అదే సరైనది. వేడ్ చూసిన పొత్తులన్నీ మాత్రం ఊరి హద్దులో పుట్టినవే. అక్కడ మనుషులు నీళ్ల దగ్గరే కాదు, కావలి దగ్గర, గొర్రెల పాట దగ్గర, నిధి లెక్కల దగ్గర, పెళ్లిళ్లలో, పంచాయితీల్లో ఏడాది పొడుగునా ఒకరికొకరు ఎదురుపడుతూనే ఉంటారు. నీళ్ల దగ్గర ఎగ్గొట్టినవాడు మిగతా ఆటలన్నిటిలో దానికి బదులు చెప్పుకోవాలి. ఒకే తూము కింద పొలాలున్నా వేరువేరు ఊళ్లలో ఉండే రైతులకు మధ్య ఉన్నది ఒక్క నీళ్ల ఆటే.

(వచ్చే భాగం: వేలంపాటల లెక్క. విలియం విక్రీ 1961 వ్యాసం నుంచి 1994లో అమెరికాలో రేడియో తరంగాల అమ్మకందాకా)